పొడవాటి పెట్టె

కోట నుంచి వచ్చిన పెట్టె సన్నగా, పొడవుగా ఉంది. పైన ఎర్ర పట్టుగుడ్డ చుట్టారు. దాన్ని చూడగానే కుయ్ బో గుండె జారిపోయింది.

తాతా, కొడుకూ, మనవడూ, ముగ్గురు ప్రభువులకు యుద్ధతంత్రం చెప్పిన మనిషి ఆయన. మొన్న నది ఒడ్డున శత్రువును మట్టి కరిపించింది కూడా ఆయన ఎత్తే. గెలుపు సంబరం కాగానే కుర్ర ప్రభువు ముందు మోకరిల్లి, డెబ్బై నిండాయి, సెలవిప్పించమని అడిగాడు. ప్రభువు ఔననలేదు, కాదనలేదు. మొహం ముడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

వెనకటికి గావ్ షెన్ అనే సలహాదారు కూడా ఇలాగే సెలవడిగాడు. కోట గుట్టంతా తెలిసినవాడు పక్క రాజ్యంలో చేరితే కొంప మునుగుతుందని అప్పటి ప్రభువు అతనికి పెట్టెలో కత్తి పంపాడు. కత్తి వచ్చిందంటే తన మెడ తనే కోసుకోవాలి. తెచ్చినవాడు ఆ పని అయ్యేదాకా గుమ్మం కదలడు.

ఇప్పుడు దూత లావ్ కూడా పెట్టె చేతిలో పెట్టి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"లోపలికొచ్చి కాస్త గంజి తాగు నాయనా," అంది ఆయన భార్య షూ యావ్, పట్టుపురుగులకు మల్బరీ ఆకు తరగడం ఆపి.

"వద్దమ్మా. పని పూర్తయ్యేదాకా ఇక్కణ్ణుంచి కదలొద్దని ఆజ్ఞ," అన్నాడతను, మాటిమాటికీ బాట వైపు చూస్తూ.

కుయ్ బో కూడా అటు చూశాడు. దూరంగా దుమ్ము లేస్తోంది. కాలిబంట్లయితే దుమ్ము నేలబారుగా పరుచుకుంటుంది, రథాలయితే నిటారుగా లేస్తుంది. ఇది సన్నగా, ఆగి ఆగి వస్తోంది. ఒక్కటే ఎద్దుబండి. దుమ్ము విషయంలో ఆయన జన్మలో పొరబడలేదు.

"శవాన్ని మోయడానికి బండి కూడా పంపాడే," అన్నాడు గొంతు తగ్గించి.

షూ యావ్‌కి అర్థమైంది. పెట్టె వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"సెలవెవరడగమన్నారు మిమ్మల్ని? ఇంట్లో కూర్చుని ఏం ఉద్ధరిద్దామని?"

"నీ దగ్గర కూర్చుందామని. నువ్వు లోపలికి పో."

"పోను. విప్పండి."

ఆయన ముడి విప్పబోయాడు. అంతంత సైన్యాలను నడిపించిన చేతులకు పట్టుగుడ్డ ముడి లొంగలేదు. బతకాలని ఉంది ఆయనకు, బాగా ఉంది. చూసి చూసి ఆవిడే ముడి లాగి మూత తీసింది.

లోపల చేతికర్ర ఉంది. పిడి మీద చెక్కిన పావురం.

ఇద్దరూ నోరు తెరుచుకుని చూస్తుంటే లావ్ తల పట్టుకున్నాడు.

"అయ్యో, అప్పుడే విప్పేశారా! ఆనుకుని కూర్చునే బల్ల వెనక బండిలో వస్తోందండీ. రెండూ ఒక్కసారే ఇవ్వాలి. దిక్కుమాలిన ఎద్దు, దారిలో కుంటడం మొదలెట్టింది. తొందరపడి పెట్టె ముందే ఇచ్చేశాను. ప్రభువుకి చెప్పకండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

డెబ్బై నిండిన సలహాదారును వదులుకోలేని ప్రభువు కర్రా, బల్లా పంపి ఉండిపొమ్మంటాడు. ఆచారం కుయ్ బోకి తెలియక కాదు. భయంలో అదే గుర్తు రాలేదు.

"మీరు లేకపోతే కాలూ చెయ్యీ ఆడదని చెప్పమన్నారు," అన్నాడు లావ్. "మీరు సెలవడిగిన రోజు అన్నం కూడా ముట్టలేదట."

షూ యావ్ కర్ర అందుకుని మొగుడి భుజం మీద ఒక్కటి వేసింది.

"దుమ్ము చూసి లోకమంతా చెబుతారు! శవమట, బండట!"

ఆయన భుజం రుద్దుకుంటూ పగలబడి నవ్వాడు. ఆవిడా నవ్వబోయి ఏడ్చేసింది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యెత్తితే వెడల్పాటి అంగీ చేతి మడతలోంచి ఆకులు తరిగే కత్తి జారి కింద పడింది.

కుయ్ బో నవ్వు ఆగిపోయింది.

"ఇదెందుకే?"

"మీరు పోయాక ఎవరికి కాయాలి గంజి?"

ఆయన వంగి కత్తి తీసి ఆకుల బుట్టలో పెట్టాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగి, బండి వచ్చేదాకా కూర్చుని గంజి తాగమని లావ్‌ని పిలిచాడు.