వాళ్ల హీరోకి నా విజిల్

బూడిద బుధవారం నాడు మావాడు మోకాలు తన షాపు గోడకున్న హీరో ఫొటోని వెనక్కి తిప్పేశాడు. ఫాదర్ వాడి నుదుటిమీద రాసిన బూడిద ఇంకా చెరగనే లేదు. స్టూలెక్కి, ఫొటోకి ఒక దండం పెట్టి, మేకు మీదే అటు తిప్పాడు. అప్పట్నించి షాపులోకి వచ్చినవాళ్లకి హీరో మొహానికి బదులు అట్టముక్కా, తుప్పుపట్టిన చీలలూ కనిపిస్తున్నాయి.

మోకాలంటే నా స్నేహితుడు. దర్జీ. వాడి అసలు పేరుతో పిలిస్తే వాడే తిరిగి చూడడు. చర్చిలో అందరికంటే ముందు మోకరించి, అందరూ లేచాక లేస్తాడు. ఊరందరి ప్యాంట్లూ కుట్టే మనిషి ప్యాంటుకి మాత్రం మోకాళ్ల దగ్గర అతుకులు. ఆ షాపులో ట్యూబులైటుకి ఒకపక్క యేసు తిరుహృదయం పటం, రెండోపక్క వాడి హీరో. రెండూ ఒకటే సైజు, ఒకే రకం ఫ్రేము. కొత్తగా వచ్చిన ఫాదర్ అదేంటని అడిగితే, "ఒకరు నన్ను చూస్తుంటారు ఫాదర్, ఇంకొకరిని నేను చూస్తుంటాను" అన్నాడట.

నేను ఆ వీధి చివర సినిమా హాల్లో గేటు దగ్గర టికెట్లు చింపుతాను. బడి మధ్యలో వదిలేసి వచ్చి ఆ గేటు దగ్గర నిలబడ్డాను, ఇంకా నిలబడే ఉన్నాను. పెళ్లాం పుట్టింటికి వెళ్లి తిరిగొచ్చే దారి మర్చిపోయింది. నాకూ పసిపిల్లాడప్పుడు జ్ఞానస్నానం ఇచ్చారు, కానీ నన్నెవరూ అడగలేదు. అందుకే నేను చర్చి గడప తొక్కను. నాకున్న మతం ఒకటే, మా హీరో. మోకాలి హీరోకీ మా హీరోకీ పడదు. అంటే వాళ్లిద్దరికీ పడుతుందేమో నాకు తెలీదు, మాకు మాత్రం పడదు.

మీసాలు రాని రోజుల నించీ మాదొక పద్ధతి. ఎవరి హీరో సినిమా వచ్చినా మొదటాటకి ఇద్దరం పక్కపక్కనే కూర్చుంటాం. వాడి హీరో తెరమీదకి రాగానే వాడు సీటెక్కి గుడ్డముక్కలు చల్లుతాడు, నేను "దిగరా ముసలోడా!" అని తెరవైపు అరుస్తాను. మా హీరో వస్తే నేను విజిల్ వేస్తాను, వాడు గట్టిగా ఆవలిస్తాడు. ఇది చూసి లోకం మమ్మల్ని శత్రువులనుకుంటుంది. అనుకోనీ.

ఈసారి గోల ఏంటంటే, వాడి హీరో ఇదే తన ఆఖరి సినిమా అని ప్రకటించాడు. ఇక మొహానికి రంగు వేసుకోడట. ఆ సినిమా సరిగ్గా తపస్సు కాలంలో, ఈస్టర్ ముందు ఇష్టమైందేదో మానుకునే నలభై రోజుల్లో విడుదలవుతోంది. మావాడు ఆ నలభై రోజులకీ హీరోనే మానేశాడు! సినిమాల్లేవు, పాటల్లేవు, ఫొటో కూడా చూడడు.

"ఒరేయ్, ప్రతి ఏడూ టీ మానేసేవాడివి కదరా. ఈసారీ ఆ టీయే మానేసి చావొచ్చుగా?" అన్నాను.

"టీ మానేస్తే ఏం కష్టం? తలనొప్పి వస్తుంది, అంతే. కష్టమైంది ఇస్తేనే ఇచ్చినట్టు."

"దేవుడికి నీ హీరో ఎందుకురా? ఆయనకి తేరగా వచ్చినా చూడడు వీడి సినిమాలు."

వాడు నవ్వలేదు. మెడలోని టేపు తీసి ఎదురుగా ఉన్న గుడ్డ కొలుచుకున్నాడు. ఊదారంగు శాటిన్. తపస్సు కాలం చివర్లో చర్చిలో ప్రభువు, పునీతుల స్వరూపాలన్నిటికీ ఆ రంగు ముసుగులు వేస్తారు. వాటిని కుట్టేది వీడే. పునీతుల భుజాలన్నిటి కొలతలూ వాడికి నోటికి వచ్చు.

నా కొలతలూ వచ్చు. తపస్సు కాలానికి కాస్త ముందు హాలు వాళ్లు గేటువాళ్లకి కొత్త చొక్కాలు కుట్టిస్తుంటే, కాలరుకని నా మెడచుట్టూ టేపు వేసినవాడు అలాగే ఆగిపోయాడు. టేపు తీసి బొటనవేలితో ఒకపక్క నొక్కి చూశాడు.

"ఇదేంట్రా ఇక్కడ గడ్డలా?"

"పొగరు. కిందికి దిగింది."

వాడే నన్ను చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి ఈడ్చుకెళ్లాడు. డాక్టరమ్మ అందులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. పట్నం నించి జవాబు రావడానికి ఆలస్యమవుతుంది, ఈస్టర్ దాటాక రమ్మంది. ఈ సంగతి మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. రాత్రిళ్లు ఆ గడ్డమీద వేలు పెట్టుకునే పడుకునేవాణ్ణి, పగలు మాత్రం దాని ఊసెత్తేవాణ్ణి కాదు. కానీ లోపల ఒక్కటే పీకుతుండేది. మళ్లీ తపస్సు కాలానికి ఎవరుంటారో, ఎవరు పోతారో. వాడి హీరోని వాడి పక్కన కూర్చుని తిట్టే ఆఖరి అవకాశం ఇది. దీన్ని దేవుడికిచ్చేశాడు వెధవ.

శుక్రవారం సినిమా వచ్చింది. పొద్దున్నాటకి జనం బాగానే వచ్చారు, పొద్దున్నాట వదిలాక వచ్చినవాళ్లే తిట్టుకుంటూ పోయారు. శనివారానికి హాలు బోసిపోయింది. పాప్‌కార్న్ అమ్మేవాడు తన పాప్‌కార్న్ తనే తింటున్నాడు. ఓనరు బయటకొచ్చి పోస్టరువైపు చూసి, "సోమవారం తీసేస్తున్నా. ఈగలకి వేసే బదులు వేరేది వేసుకుంటా" అన్నాడు.

మామూలప్పుడైతే వాడి హీరో బోర్లాపడ్డందుకు నేను ఎగిరి గంతెయ్యాలి. ఈసారి వేళ్లమీద రోజులు లెక్కపెట్టుకున్నాను. మిగిలింది ఆదివారం ఒక్కటే.

ఆ సాయంత్రం నేను చర్చికి వెళ్లాను. నవ్వకండి. ఫాదర్ పాపసంకీర్తనాలు వింటున్నాడు. ఆయన్ని కలవాలంటే ఆ వరసలో నిలబడక తప్పలేదు. ముందున్న ముసలమ్మలు నన్ను చూసి సిలువ గుర్తు వేసుకున్నారు. ఒకావిడైతే, "చాలాసేపు పడుతుందేమో, నువ్వే ముందెళ్లు నాయనా" అని జరిగింది.

మోకాళ్లమీద కూర్చుని, ఫాదర్‌కీ నాకూ మధ్య అడ్డంగా ఉన్న జాలీలోకి చెప్పాను. "ఫాదర్, నేను పాపాలు చెప్పుకోవడానికి రాలేదు. సినిమా గురించి మాట్లాడాలి."

ఫాదర్ జాలీకి దగ్గరగా జరిగాడు. "ఏ సినిమా?" అన్నాడు.

చెప్పాను. ఫాదర్ కుర్రవాడే. గొంతు తగ్గించి, "బాలేదట కదా?" అన్నాడు.

"చెత్త ఫాదర్. కానీ మోకాలు చూడాలి. మానేస్తానని మాటిచ్చాడు. ఏదైనా దారుందా?"

"ఆదివారం ప్రభువు లేచిన రోజు. తపస్సు కాలంలో కూడా ఆదివారాలు ఉపవాసంలో లెక్కకి రావు. అతను ఆదివారం చూస్తే తప్పేం లేదు."

"ఈ మాట నేరుగా వాడికి చెప్పొచ్చుగా?"

"అడగందే ఎలా చెప్తాను? ఎలాగూ వచ్చావు కాబట్టి, నీ పాపాలు..."

"బయట పెద్ద వరస ఉంది ఫాదర్" అని లేచొచ్చేశాను.

పరుగున షాపుకి వెళ్లి చెప్పాను. మోకాలు మిషను ఆపేశాడు. మొహం విచ్చుకుంది, మళ్లీ ముడుచుకుంది, మళ్లీ విచ్చుకుంది.

"ఫాదరే చెప్పారా? నువ్వు కల్పించడం లేదు కదా?"

"నీకోసం మోకరించానురా దరిద్రుడా! ఇదిగో, ప్యాంటు చూడు, దుమ్ము!"

వాడు నా ప్యాంటుకున్న దుమ్ము చూసి పడీపడీ నవ్వాడు. రేపు పూజ అయ్యాక మ్యాట్నీకి వస్తానన్నాడు. ముసుగులు కుట్టగా మిగిలిన శాటిన్ ముక్కల్ని అప్పుడే కత్తెరతో చిన్నచిన్నగా కత్తిరించడం మొదలెట్టాడు. చల్లడానికి.

ఆదివారం మధ్యాహ్నం వాణ్ణి తీసుకెళ్దామని ఇంటికెళ్లాను. వాడు స్నానంలో ఉన్నాడు. వాడి భార్య చొక్కా ఇస్త్రీ చేస్తోంది, హీరో బొమ్మున్న చొక్కా. ఎప్పుడూ నన్ను చూడగానే కుర్చీ వేసే మనిషి ఈసారి తలెత్తలేదు.

"ఏంటి చెల్లెమ్మా, అలిగావా?"

"నేనెవర్ని అలగడానికి? మీ మెడ, మీ ఇష్టం అన్నయ్యా."

"నా మెడకీ దీనికీ ఏం సంబంధం?"

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి నావైపు చూసింది. "ఆయన చెప్పలేదా? ఆ పరీక్షలో చెడ్డదేం రాకూడదని మొక్కుకున్నారు. ఈస్టర్ దాకా హీరో మొహం చూడనని మరియమ్మ ముందు మాటిచ్చారు. ఆదివారాలతో సహా అని నా ఎదురుగానే అన్నారు. ఇప్పుడేమో ఆదివారం లెక్క కాదంటున్నారు. ఫాదరుకేం తెలుసు ఆయన ఏమని మొక్కుకున్నారో!"

నా చెయ్యి మెడమీదకి పోయింది. స్నానాలగదిలోంచి వాడి కూనిరాగం వినిపిస్తోంది. ఆ ముసలి హీరో పాటే. నేను వాడు బయటికి రాకముందే హాలుకి పారిపోయాను.

మ్యాట్నీకి పదిమంది కూడా లేరు. మోకాలు తల నున్నగా దువ్వుకుని, హీరో చొక్కా వేసుకుని, సంచీ నిండా శాటిన్ ముక్కలతో వచ్చాడు. నాకు టికెట్ అందించాడు. నేను చింపలేదు.

"ఏంట్రా, చింపు."

"నువ్వు లోపలికి పోవడానికి వీల్లేదు."

"ఏం?"

"తపస్సు కాలం."

"ఆదివారం లెక్క కాదని నువ్వేగా చెప్పావు!"

"అది ఫాదర్ లెక్క. నువ్వు ఆదివారాలు కూడా కలిపి మొక్కావట. మరియమ్మకి తెలీదనుకుంటున్నావా?"

వాడి మొహంలో రంగు మారింది. "చెప్పేసిందా నీ చెల్లెలు" అన్నాడు. అని వెంటనే ఎదురు తిరిగాడు. "నువ్వు నమ్మవు కదరా! దేవుడు లేడు, గీవుడు లేడు అంటావు కదా! నీకేంటి నొప్పి?"

"నమ్మను. నమ్మనివాడికి మెడ ఉండదా? ఎందుకైనా మంచిది."

"ఇదే ఆఖరి సినిమారా. రేపు తీసేస్తున్నారు. మళ్లీ తెరమీద చూడలేను."

"నేనూ మళ్లీ..." అనబోయి మింగేశాను. ఆ మింగడం గడ్డమీదుగా దిగింది.

వెనకున్న ముసలాయన గొణిగాడు. "బాబూ, మీ ఇద్దరి మతసభ అయ్యాక నా టికెట్ చింపుతావా?"

చింపి పంపించాను. లోపల బెల్లు మోగింది. మోకాలు వరండాలో బల్లమీద కూలబడ్డాడు. వాణ్ణి ఎప్పుడూ అలా చూడలేదు. చర్చిలో ముసుగేసిన స్వరూపంలా తలొంచుకుని ఉన్నాడు. కూర్చున్నచోటి నించే సంచీ నా చేతుల్లోకి విసిరాడు.

"అయితే నువ్వెళ్లు."

"ఎక్కడికి?"

"లోపలికి. ఆయన తెరమీదకి వచ్చేటప్పుడు ఎవరూ చల్లకపోతే బాగోదు. ఆఖరిసారి. నా బదులు చల్లు. విజిల్ కూడా వెయ్యి."

"నీకేమన్నా పిచ్చా? వాడికి నేను విజిల్ వెయ్యడమా? మావాళ్లెవరైనా చూస్తే నా పరువు..."

"నేను నీ మెడకోసం ఆయన్ని వదులుకున్నాను. నువ్వు నాకోసం ఒక్క విజిల్ వదల్లేవా?"

అందుకే భక్తులతో స్నేహం చెయ్యకూడదు. పాప్‌కార్న్ వాణ్ణి గేటు దగ్గర నిలబెట్టి లోపలికెళ్లాను. తలుపు మూసుకుంటుంటే వెనక్కి చూశాను. మోకాలు రెండు చూపుడువేళ్లూ చెవుల్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

తెరమీద దుమ్ము లేచింది. దుమ్ములోంచి బూటు వచ్చింది, బూటు తర్వాత కళ్లద్దాలు, ఆ తర్వాత ఆ ముసలోడు. హాల్లో ఎవరూ కిక్కురుమనలేదు. ముందు వరసలో ఒకడు గురక పెడుతున్నాడు. నేను సీటెక్కి నిలబడ్డాను. నోట్లో వేళ్లు పెట్టుకుని గట్టిగా విజిల్ వేశాను. మెడలో కత్తి దింపినట్టయింది. మళ్లీ వేశాను. సంచీ తిరగేశాను. పునీతుల ముసుగుల మిగులంతా ఊదారంగు వానలాగా ఖాళీ కుర్చీలమీద పడింది.

మూడు వరసల వెనక మా హీరో అభిమాన సంఘం కార్యదర్శి కూర్చుని ఉన్నాడు. సినిమా చచ్చిందో లేదో కళ్లారా చూసుకోవడానికి వచ్చుంటాడు. నన్ను చూసి నోరు వెళ్లబెట్టాడు. "అన్నా, నువ్వా!" అన్నాడు.

"నా మెడ, నా ఇష్టం!" అని అరిచాను. వాడికేం అర్థమవుతుంది?

బయటికొచ్చేసరికి మోకాలు అలాగే వేళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. భుజం తట్టాను. వేళ్లు తీశాడు.

"రెండోది బాగా పడింది" అన్నాడు.

"దొంగ వెధవా! అంటే విన్నావా?"

"నీ విజిల్ విన్నాను. ఆయన సినిమా వినలేదు. నీ విజిల్ వినకూడదని నేను మొక్కలేదు." నా మెడవైపు చూసి అడిగాడు. "నొప్పి పుట్టిందా?"

"లేదు."

"అబద్ధాలాడకు, తపస్సు కాలం." వాడు జేబులోంచి టేపు లాగాడు. వరండాలో పాప్‌కార్న్ వాడు చూస్తుండగానే నా కాలరు కిందికి దించి, టేపు చుట్టూ తిప్పి, చివరలు కలిపి పట్టుకున్నాడు. వాడి పెదవులు కదులుతున్నాయి. అంకె చదువుతున్నాడో, మరియమ్మతో మాట్లాడుతున్నాడో తెలీలేదు.

"పెరిగిందా? తగ్గిందా?"

"నోర్మూసుకో. కదిలితే కొలత తప్పుతుంది."

నోర్మూసుకుని కదలకుండా నిలబడ్డాను. లోపల ఆ ముసలోడు ఎవణ్ణో కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మోకాలి చేతులు రెండూ నా మెడ దగ్గరున్నాయి. అందుకని నేనే చేతులెత్తి వాడి చెవులు మూశాను.