రెడ్డి అరుగు మీద పెద్దక్షరాలు

ఆత్మకూరు తాలూకా కచేరీకి ఎదురుగా మునసబు మాలకొండారెడ్డి మిద్దె. ఆ మిద్దె అరుగు మీద పెంచలయ్య టైపు మిషను. వెనక వసారాలో పెంచలయ్య కాపురం. రెండింటికీ అద్దె లేదు. అద్దె అడగనివాడు ఏమడుగుతాడో ఆ వసారాలో బతికితే తెలుస్తుంది.

ఆ అరుగుకు ఒక మర్యాద ఉంది. రెడ్డి ఎదురైతే జనం చెప్పులు విప్పి చేత పట్టుకుంటారు. కాగితం మీదా అదే వరస. అర్జీలు కొట్టే ఇంగ్లీషులో ప్రతి అక్షరానికీ పెద్దదొకటి, చిన్నదొకటి ఉంటాయి. పేరుకు ముందు హోదా వస్తే, అది కలెక్టరుదైనా సంఘం ప్రెసిడెంటుదైనా, మొదటి అక్షరం పెద్దది వేయాలి. పేరు లేకుండా ఊరికే మునసబు అంటే చిన్నది చాలు. నెల్లూరులో టైపు నేర్చినప్పుడే పెంచలయ్య ఇదీ నేర్చాడు. అరుగెక్కాక వదిలేశాడు. మునసబు అనే మాట ఎక్కడొచ్చినా అన్నీ పెద్దక్షరాలే కొడతాడు. కూలోళ్ల హోదాలకు అన్నీ చిన్నవే. రెడ్డి అట్లా కొట్టమని చెప్పలేదు. మొదటిసారి చూసి మీసం దువ్వాడు, అంతే. చెప్పకముందే వంగేవాడికి చెప్పేదేముంది?

యాభైమూడు ఎండాకాలంలో ఒక పొద్దున చెరువు కింది గుడిసెల యానాదులు నలుగురు వచ్చారు. ముందు మస్తానయ్య. చేపలు పట్టేవాళ్లంతా సంఘం పెట్టుకొని అతన్ని ప్రెసిడెంటును చేసుకున్నారు. మునసబు మనుషులు తమ వలలు లాక్కుంటున్నారని పై ఆఫీసుకు అర్జీ పెట్టాలి. ఆ ఊళ్లో మిషను ఇదొక్కటే.

"రెడ్డి కలిగిరి పోయినాడంట. ఆయనొచ్చేలోగా బిన్నా కొట్టీ సామీ" అన్నాడు మస్తానయ్య.

పెంచలయ్య అలవాటుగా కొట్టి ఇచ్చాడు. మస్తానయ్య కాగితాన్ని వెలుతురుకు పెట్టాడు.

"నాకు చదువు రాదు, కళ్లుండాయి. మునసబు ఏడుండాడు?"

పెంచలయ్య చూపించాడు.

"నేనేడ?"

చూపించాడు.

"ఆయన తాటిచెట్ల వరస, నేను గడ్డిపోచ. ఇది ఆయన మింద అర్జీనా, ఆయనకు దండమా?"

అతని పెళ్లాం రోశమ్మ కిసుక్కున నవ్వింది. "కాగితంలో గూడా మా చేత చెప్పులిప్పిచ్చినావే సామీ!"

"ఇంగిలీసోళ్ల పద్ధతి ఇట్టనే ఉంటాదా?" మస్తానయ్య అడిగాడు.

అవునంటే పోయేది. అలా అనడానికి పెంచలయ్యకు నోరు రాలేదు. "ఉండదు. నీ పేరు ముందర ప్రెసిడెంటు వస్తే పెద్దక్షరమే పడాల."

"అయితే నన్ను పొట్టోణ్ణి చేసింది దొరలు గాదు, నువ్వు. మళ్లీ కొట్టు."

పెంచలయ్య కొత్త కాగితం ఎక్కించాడు. పెద్దక్షరం పడాలంటే ఎడమ చిటికెన వేలితో ఒక మీట నొక్కిపట్టాలి. పట్టాడు. మిషను పైభాగం లేచింది. అప్పుడే వాకిట్లో గుర్రబ్బండి ఆగింది.

రెడ్డి అరుగెక్కి పెంచలయ్య వెనక నిలబడి చదివాడు. అరవలేదు.

"నా అరుగు మింద నామిందే అర్జీనా? కానీ, కొట్టు. నేనూ చూస్తా. బిడ్డలు వసారాలో సుఖంగా ఉండారా, పెంచలయ్యా?"

వసారాలో భార్య చెంచమ్మ పొయ్యి ఊదుతున్న చప్పుడు. పిల్లవాడి దగ్గు. ఈ ఎండలో వాళ్లను ఎక్కడికి తీసుకుపోవాలి? చిటికెన వేలు మీట మీంచి లేచింది. మిషను పైభాగం దిగింది. ప్రెసిడెంటుకు మళ్లీ చిన్నక్షరమే పడింది.

మస్తానయ్య చూశాడు. కాగితాన్ని మిషనులోంచి లాగేశాడు.

"ఉదయగిరిలో ఇంకో మిషనుండాదంట. నడిచి పోతాం. మాకు దోవుండాది. నువ్వేడికి పోతావు సామీ?"

నలుగురూ అరుగు దిగారు. రెడ్డి చూస్తుండగానే మస్తానయ్య చెప్పులు తొడుక్కున్నాడు. టపటపమని చప్పుడు చేసుకుంటూ వీధి మధ్యన నడిచాడు. ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా రెడ్డి కదల్లేదు.

తర్వాత కుర్చీ లాక్కున్నాడు. "వాళ్ల మింద మనమొక అర్జీ కొడదాం. ముందు మునసబని నన్ను ఎయ్యి."

పెంచలయ్య పెద్దక్షరాల మీట నొక్కి, అది లేవకుండా గడి వేశాడు.