కొండముచ్చు చుక్క

ఆ తెల్ల చుక్క నాదే. నా చేతి మీది పుట్టుమచ్చ కన్నా బాగా తెలుసు నాకది.

ఎనభై ఏడు నాటి మాట. పినపాక దాటి అడవి మొదలయ్యే చోట వెంకటనారాయణ గారి రేకుల షెడ్డు ఉండేది. కోస్తా నుంచి వచ్చి, కొన్నాళ్లు పొగాకు వేసి, తర్వాత వెల్డింగ్ కాంట్రాక్టుల్లోకి దిగిన మనిషి. ఆ ఏడు ఆయనకు ఎక్కడో దూరాన కడుతున్న అణు విద్యుత్ కేంద్రానికి గొట్టాలు అతికే పని దొరికింది. మొత్తం నలభై అతుకులు. వెల్డర్లం ఇద్దరమే, నేనూ స్తెఫను మామా. పన్నెండు నావి, ఇరవై ఎనిమిది ఆయనవి.

మామ నాకు చుట్టమేం కాదు. ఆరో తరగతిలో బడి మానేసి కారేపల్లి రోడ్ల మీద తిరుగుతున్న నాకు పని నేర్పి అన్నం పుట్టించిన మనిషి. ఆయన ముందు నా చేతిలో పెట్టింది వెల్డింగ్ టార్చి కాదు, సుద్దముక్క.

"తప్పు జరిగితే ఇంకొకడు జూడకముందే నువ్వే దాని సుట్టు గుండ్రం గియ్యి అల్లుడా. ఇంకొకడు గీస్తే సిగ్గు. నువ్వు గీస్తే అది గూడ పనే."

అప్పట్నుంచీ నా చొక్కా జేబులో సుద్ద లేని రోజు లేదు.

నేను ఏడో నంబరు అతుకు వేస్తుండగా రేకుల మీదికి కొండముచ్చు దూకింది. చెయ్యి అదిరింది. టార్చిలోని టంగ్‌స్టన్ సూది కరిగిన లోహానికి తగిలి, దాని మొన ఆవగింజలో పావువంతు విరిగి లోపల ఉండిపోయింది. సుద్దతో గుండ్రం గీశాను. వెంకటనారాయణ గారు వచ్చి చూసి, భుజం మీది తువ్వాలుతో తుడిచేశారు.

"హద్దులోపలే ఉందిలేవయ్యా. నువ్వు గీతలు గీసుకుంటూ కూర్చుంటే లారీ ఎప్పుడు కదులుద్ది?"

మామ మాత్రం నవ్వాడు. "కొండముచ్చు సుక్క పెట్టిపోయిందిరా నీకు, పెండ్లికొడుక్కి పెట్టినట్టు."

అతుకుల లోపల ఎలా ఉందో చూడ్డానికి వెంకటనారాయణ గారు పిలిపించినవాళ్లు ఎక్స్‌రే తీసేటప్పుడు, షెడ్డు ఖాళీ చేయించి మమ్మల్ని ఫర్లాంగు దూరం పంపేవారు. లోపల ఏం తీశారో, దేన్ని తీశారో నాకు తెలియదు.

ఫిలింలు వచ్చాక విద్యుత్ కేంద్రం తరఫు ఇనస్పెక్టరు బసవపున్నయ్య గారు వాటిని చూడ్డానికి వచ్చారు. కిటికీలు మూసి, దీపం పెట్టె ముందు కూర్చుని, నంబరు వారీగా అందించమని నన్ను పిలిచారు. పని మొదలైన రోజున ఆయనే అన్నారు: "ఇవి చెరువు గొట్టాలు కావు. అక్కడ అతుకు విచ్చి కారిందంటే, బిగించడానికి మనిషి దాని దగ్గరికి పోలేడు." ఆ మాట నాకు నిద్రలో కూడా గుర్తుండేది.

మొదటి రెండూ నేను పరీక్షగా చూడలేదు, మూడో నంబరు ఫిలింలో చుక్క కనబడింది. టంగ్‌స్టన్ ముక్క ఫిలింలో పడేట్టే తెల్లగా, కొండముచ్చు తోకలా కొసన చిన్న వంపుతో. మూడు మామ వేసింది. నేను పొరపాటున ఏడు అందించానేమో అనుకున్నాను. ఏ అతుకో తెలియడానికి పైన పెట్టి తీసే సీసపు అంకె మూడే. తర్వాత వచ్చిన ప్రతిదాంట్లోనూ అదే చుక్క. పద్నాలుగులో కాస్త ఎడమకు జరిగి. ఇరవై రెండులో కుడివైపు. ముప్పై ఒకటిలో అంచున. అదే వంపు, అదే తోక.

"సార్, గీ సుక్క నాది."

"ఏం చుక్క?"

"కొండముచ్చు సుక్క సార్."

ఆయన కళ్లద్దాలు తీసి నా నోరు వాసన చూసినట్టు చూశారు. చెప్పాను. ఫిలింలన్నీ బల్ల మీద పక్కపక్కనే పరచమన్నారు. పరిచాను. ఒక్కో ఫిలింలో తప్పు వెతకడం తెలుసు గానీ, నలభైనీ పక్కన పెట్టి చూడ్డం ఎవరికి తోస్తుంది? నా ఏడో అతుకునే ఫిలిం అటూ ఇటూ జరుపుతూ నలభైసార్లు ఫొటో తీసి, అంకెలు మార్చారు.

ఆయన చుక్క చుక్క మీదా వేలు పెట్టుకుంటూ వరస చివరిదాకా వెళ్లారు.

"రాసిస్తావా రాందాసూ? రాసిస్తే నేను హైదరాబాదు నుంచి వేరే ఎక్స్‌రే వాళ్లని పిలిపించి అన్నీ మళ్లీ తీయిస్తాను. నోటిమాటయితే నేనేం చేయలేను."

మధ్యాహ్నం టేకుచెట్ల కింద సద్ది విప్పుకుంటూ మామకు చెప్పాను. ఆయన గిన్నె మూత కోసం తడుముతున్నాడు. కోపంతో చేతులు వణుకుతున్నాయనుకున్నాను.

"కాగితం ఇయ్యకు," అన్నాడు.

"ఎందుకు మామా? ఫొటో తీసినోడు దొంగ. మనకేంది? నాయి పన్నెండు మంచిగున్నయి. నీయి నాకంటె మంచిగుంటయి."

"ఇయ్యకు అంటున్న గదరా."

"నువ్వేనా గీ మాట అనేది? సుద్దముక్క ఇచ్చినోనివి నువ్వు."

మామ గిన్నె మూత మళ్లీ పెట్టేసి లేచిపోయాడు. ముసలాయన భయపడుతున్నాడు, ఉద్యోగం పోతుందని, అనుకున్నాను. నాకు ఆయన మీద జాలేసింది. ఆ జాలి తలుచుకుంటే ఇవాళ్టికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

వెంకటనారాయణ గారు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు. "ఏవయ్యా, రాసిస్తావంట? రేపు నీకు పని ఎవడిస్తాడో అదీ రాసుకో."

"మా మామ చెయ్యి మీద నాకు నమ్మకమున్నది. మీకు లేదేమో," అన్నాను, ఎంతో గొప్పగా. అక్షరాలు కూడబలుక్కుని రాసి సంతకం పెట్టాను.

మూడో రోజు కొత్తవాళ్లు వచ్చి తీశారు. నా పన్నెండింటిలో ఏడో నంబరు దాంట్లోనే చుక్క, మిగతావి శుభ్రం. తర్వాత మామవి. దీపం పెట్టె మీద మూడో నంబరు పెట్టగానే ఇనస్పెక్టరు గారు ముందుకి వంగారు. అతుకు పొడుగునా నల్లటి గీత. పైన అల్లిన జడలా ఎంతో అందంగా ఉండే అతుకు, లోపల అసలు అతుక్కోనే లేదు. నాలుగు, అదే. అయిదు, అదే.

ఇరవై ఎనిమిదికి ఇరవై ఎనిమిది.

బయటికొస్తే మామ గుమ్మం పక్కనే ఉన్నాడు. అడగక్కర్లేకుండానే చెప్పాడు.

"రెండేండ్లాయె అల్లుడా. మంట కనబడతది, అంచు కనబడది. పైన చెయ్యే అలవాటు మీద ఏసుకపోతది. గాయనకు తెల్సు." గడ్డంతో వెంకటనారాయణ గారి వైపు చూపించాడు. "మొదలు నాయి పది ఫెయిలయితే, తర్వాత తీసిన నీది మంచిగున్నదని అన్నింటికి గదే తీసుకున్నరు."

"నాకెందుకు చెప్పలే?"

"నీకా?" అన్నాడు. "నీకెట్ల చెప్తరా?"

ఇనస్పెక్టరు గారు బయటికొచ్చి, చెడ్డవి విడిగా పెట్టాలి, ఏవేవో గుర్తుపెట్టండి అన్నారు. వెంకటనారాయణ గారు కదల్లేదు. నేను కదల్లేకపోయాను. మామ జేబులోంచి సుద్ద తీసి గొట్టాల వరసలోకి నడిచాడు. అంకెలు చూడలేదు. చూడగలిగితే కదా. ఒక్కో అతుకు మీద బొటనవేలు తిప్పి, "ఇది నాది," అని గుండ్రం గీశాడు. "ఇది నాది." ఏడో దాని దగ్గర వేలు ఆగింది. "ఇది కొండముచ్చుది," అని దాటిపోయాడు. ఎవరూ నవ్వలేదు.

ఇనస్పెక్టరు గారు కాగితం పట్టుకుని వెనకే సరిచూస్తున్నారు. ఒక్కటీ తప్పలేదు. ఏ అతుకు చెడ్డదో ఆ వేలికి మొదటి రోజు నుంచీ తెలుసు.

ఇరవై అయిదో గుండ్రం సగంలో ఉండగా సుద్ద అరిగిపోయింది. మామ చెయ్యి చాపాడు, నా సుద్ద ఇమ్మని. నేను నిలబడ్డ వైపు కాదు, నాకు జానెడు పక్కకి చాపాడు. ఆ జానెడూ జరిగి, ఇచ్చాను.