ఊఁ అన్న పాపానికి

నేను ఒక బటన్ల ఫోనుని. ఏ ఊళ్లో పుట్టానో సరిగా తెలీదు గాని, పెద్ద ఫ్యాక్టరీలో నాలాంటివాళ్లు వేలమంది వరసగా పుడుతుంటే వాళ్ల మధ్య నేనూ ఒకదాన్ని. చీరాలలో బట్టలు కుట్టే మస్తాన్‌బీ నన్ను కొని నాలుగేళ్లు వాడింది. అద్దం ఫోను రాగానే పక్కింటి నాంచారమ్మ చేతిలో పెట్టింది. మనుషులంతే, కొత్తది చేతికొచ్చాకే వాళ్లకు దానబుద్ధి పుడుతుంది.

నాంచారమ్మ దోశపిండి రుబ్బి అమ్ముకుని బతికే మనిషి. సాయంత్రం వీధి పిల్లలకు కథలు చెబుతుంది. ఊ కొట్టని పిల్లకు కథ లేదు. ఎవరు మాట్లాడుతున్నా ఊ కొట్టడం ఆవిడ దృష్టిలో మర్యాద. ఆ మర్యాదే కొంప ముంచింది.

ఆవిడ వాయిదాల మీద గ్రైండరు కొన్న ఫైనాన్స్ కంపెనీ ఒకటుంది. ఆ బాకీ ఎప్పుడో తీరిపోయింది గాని, కాగితాలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఒకనాడు అక్కణ్ణించి ఓ పిల్ల ఫోన్ చేసి, మోటారుసైకిలనీ, అప్పనీ పావుగంట గలగలా మాట్లాడింది. గ్రైండరు హోరులో మా నాంచారమ్మకు సగం వినపడనే లేదు. పాపం, పిల్ల నోరు నొప్పెట్టేలా చెబుతోందే అని "ఊఁ... ఊఁ" అంటూ కూర్చుంది. వారం తిరక్కుండా అప్పు మంజూరు! బండి తీసుకెళ్లమని షోరూం నుంచి కబురు.

"నాకు సైకిలే తొక్కడం రాదు నాయనా!" అని మొత్తుకుంది. వినేదెవరు? నెలనెలా పింఛను ఖాతాలోంచి వాయిదా కోసేశారు. అదీ చాలక కంపెనీ మనిషొకడు ఇంటికొచ్చి, "మిగతాది కట్టకపోతే ఈ గ్రైండరు ఎత్తుకుపోతాం" అన్నాడు. అది పోతే ఆవిడ పొయ్యి ఆరినట్టే.

"ఏడిస్తే ఏమొస్తది పెద్దమ్మా? వినియోగదారుల కమిషన్‌లో తేల్చుకుందాం పద!" అంటూ మస్తాన్‌బీయే ఫిర్యాదు రాసిపెట్టింది.

విచారణనాడు నాంచారమ్మ నన్ను రొండిన దోపుకుని వెళ్లింది. కంపెనీ వకీలు ఆ ఫోను రికార్డింగు వినిపించి, "అరవైమూడు సార్లు ఊఁ అన్నారు సార్! ఇంతకన్నా ఒప్పుకోలు ఏముంటుంది?" అన్నాడు.

"మీరేమంటారమ్మా?" అని అధ్యక్షులవారు అడిగారు. ఆవిడ మొదలుపెట్టింది.

"ఆ పూట పప్పు రుబ్బుతున్నానయ్యా."

"ఊఁ," అన్నారాయన రాసుకుంటూ.

"ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నా."

"ఊఁ."

"మీ కుర్చీ నాకు రాసిచ్చేస్తున్నారు."

"ఊఁ."

హాలంతా గొల్లుమంది. ఆయన కలం ఆగిపోయింది. కళ్లజోడు తీసి ఆయన కూడా నవ్వేశారు.

"వింటున్నానన్నారు గాని, ఇస్తానన్లేదుగా అయ్యా! నేనూ అంతే."

తీర్పు వచ్చింది. అప్పు రద్దు, కోసిన డబ్బు వెనక్కి, పైన ఖర్చులు కూడా. బయటికొచ్చాక ఆ వకీలే చేతులు జోడించాడు. "మామ్మగారూ, ఇక మావాళ్లెవరూ మీకు ఫోన్ చెయ్యరండీ."

"ఎందుకు చెయ్యరూ? అప్పు సంగతి ఎత్తకుండా చెయ్యమను. ఆ పిల్ల గొంతు బాగుంటుంది," అంది నాంచారమ్మ.

ఇప్పుడు నా బ్యాటరీ ఉబ్బిపోయి, పాత సామాన్ల కొట్లో గోనెసంచిలో ఉన్నాను. చుట్టూ అన్నీ వేలు పోసి కొన్న అద్దం ఫోన్లే. వాటిలో ఒక్కటైనా కేసు గెలిచి వచ్చిందేమో అడిగి చూడండి!