చెరి సగం

ఇళ్లకు విలువ కట్టే ఆ మనిషికి ఫీజు విషయంలో రెండు నియమాలుండేవి. వాటాల గొడవైతే ఇద్దరి దగ్గరా చెరి సగం తీసుకోవాలి. అదీ సంచిలోంచి టేపు తీయకముందే.

ఈసారి వెళ్లిన ఇల్లు అన్నదమ్ములది. అన్న పోయాడు. అతని భార్య వాటాను తమ్ముడు కొనుక్కుంటాడు, ఇతను కట్టిన ధరకే. ఆ డబ్బుతోనే ఆమె తల దాచుకునే చోటు చూసుకోవాలి.

“ధరలో నూటికింతని తీసుకుంటారా?” గుమ్మంలోనే అడిగాడు తమ్ముడు.

“లేదండీ, పనిని బట్టే. అలా తీసుకుంటే ప్రతి కొంపా మేడలాగే కనిపిస్తుంది.”

తమ్ముడు పగలబడి నవ్వాడు. “ఇదిగో, రెండు సగాలూ నావే. వదిన దగ్గర ఎక్కడుంది పాపం!”

“నా సగం నేనే ఇస్తాను,” అంది ఆమె వంటగది తలుపు దగ్గర నిలబడి. “ఒక్క వారం ఆగండి.”

“ఈ మాత్రానికి వారమా వదినా! నేనేమైనా పరాయివాణ్ణా?”

విలువ కట్టే మనిషి వెనక్కి వెళ్లిపోవచ్చు. కానీ ఎండలో పడి అంత దూరం వచ్చాడు. డబ్బు ముందే ముట్టాలన్న నియమం ఎలాగూ నెరవేరుతోంది. దాన్ని అడ్డం పెట్టుకుని చెరి సగం నియమాన్ని దాటేశాడు. టేపు తీశాడు.

వెనక గదిలో గోడకు చెమ్మ మరక ఉంది. అలవాటుగా బొటనవేలితో నొక్కాడు. గట్టిగానే ఉంది. ఇంకెప్పుడైనా అయితే అక్కడితో వదిలేసేవాడు. ఇప్పుడు వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించాడు. బోలుగా మోగినట్టనిపించింది. అలా వినాలనుకుని వింటే ఏ గోడైనా మోగుతుంది.

“పైన ట్యాంకు పొర్లిందండీ,” అందామె. “ఎండితే పోతుంది.”

“చూస్తానమ్మా.”

ధర తగ్గించమని తమ్ముడు ఒక్క మాట అనలేదు. కుర్చీ వేశాడు, ఫ్యాను పెట్టాడు, అంతే. అడిగి ఉంటే ఇతను కసురుకుని బయటపడేవాడు.

తన గదికి వచ్చి లెక్క వేస్తే, గోడ పేరుతో చాలానే కోసేశానని తెలిసింది. ఆ కోతను కొట్టేయబోయాడు. కొట్టేస్తే అది ఇంటి ధరా, తాను అమ్ముడుపోలేదని తనకు తాను చెప్పుకునే సాక్ష్యమా? రెండు అంకెల్లో ఏది ఇంటిదో, ఏది తనదో ఎంత చూసినా తేలలేదు. అలసిపోయి కోసిన అంకెనే పంపేశాడు.

వారం తిరిగేసరికి ఆమె ఆఫీసుకు వచ్చి, మడతపెట్టిన నోట్లు బల్ల మీద పెట్టింది.

“రిపోర్టు ఇచ్చేశానమ్మా.”

“తెలుసు. అమ్మకం కాగితాల మీద సంతకం కూడా పెట్టేశాను. ఇది నా సగం.”

“ఉంచుకోండి. మీకే అవసరం.”

“వద్దంటే మీరు పూర్తిగా మా మరిది మనిషే అయిపోతారు. తీసుకోండి.”

అతను తీసుకున్నాడు. ఆమె తలుపు దాకా వెళ్లి ఆగింది.

“మరక ఎండిపోయిందండీ,” అంది, అతనికి అది సంతోషం కలిగించే కబురన్నట్టు.