ముందు డెబ్బై, వెనక డెబ్బై అయిదు

టైర్ల కొట్టాయన పికప్ వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని రబ్బరు మీది అంకెలు తడిమి చూశాడు. లేచి ముందు చక్రాన్నీ అలాగే చూశాడు. తర్వాత డ్రైవరు తలుపు తెరిచి, పక్కనున్న స్టిక్కరు చదివాడు.

"ముందు డెబ్బై, వెనక డెబ్బై అయిదు. కంపెనీవాళ్లు చెప్పింది నాలుగూ డెబ్బయ్యే. వెనకవి ఎవరు మార్చారమ్మా?"

"ఏమో, తెలీదు. తేడా ఏంటి?"

"వెడల్పు ఒకటే. డెబ్బై అయిదుది కాస్త ఎత్తు. అవి వేస్తే బండి వేలి మందం లేస్తుంది. రెండూ ఉన్నాయి నా దగ్గర. ఏవి వెయ్యమంటారు?"

అరిగిన వెనక టైర్లు మార్పిద్దామనే ఆమె వచ్చింది. అది అద్దాలు మోసే బండి. కిటికీలకు అద్దాలు కోసి బిగించడం ఆమె భర్త పని. అతని మణికట్టు విరిగినప్పటి నుంచి బండి ఆమే నడుపుతోంది. అప్పటి నుంచీ దారిలో అద్దాలు పగులుతున్నాయి. "బ్రేకు మీద నిలబడతావు నువ్వు" అని భర్త ఒకటే సణుగుడు. ఇప్పుడు ఈయనెవరో సైజుల్లో తేడా అంటున్నాడు. అమ్ముడుపోని సరుకు అంటగట్టడానికి కాదు కదా?

"మీ దగ్గరున్నవి పాతవి కావని ఏంటి నమ్మకం?" అంది.

ఆయన నొచ్చుకోలేదు. కొత్త టైరు పక్కభాగంలో, కోడిగుడ్డు ఆకారపు గీత లోపలున్న నాలుగంకెలు చూపించాడు. "చివరి రెండూ టైరు తయారైన ఏడాది. చూసుకోండి."

ఈ ఏడాదిదే. అయినా మనసు ఒప్పలేదు. ఇంట్లో అడిగి వస్తానని బండి తిప్పింది.

భర్త అద్దాలు కోసే బల్ల తుడుస్తున్నాడు. విషయం విని తలెత్తకుండానే, "డెబ్బై అయిదే వేయించు" అన్నాడు.

"మరి ముందువి డెబ్బై ఎందుకున్నాయి?"

"మీ అన్నయ్యనడుగు. బండి మనకి అమ్మింది ఆయనేగా! సొంత చెల్లెలని కూడా చూడకుండా ఏం దాచిపెట్టాడో."

ఆ మాట చెవిలో జోరీగలా రొద పెట్టింది. తాళాలిచ్చిన రోజు అన్నయ్య తనవైపు సరిగ్గా చూడలేదేమో అనిపించింది. తలుచుకున్నకొద్దీ ఆ రోజు అతనన్న ప్రతి మాటా వంకరగానే తోచింది. తిన్నగా అన్నయ్య పనిచేసే చోటికే వెళ్లింది. అతను మూడంతస్తుల ఇంట్లో మెట్ల గోడకు రంగు వేస్తున్నాడు.

"అన్నయ్యా, వెనక టైర్లు ఎందుకు మార్చావు?"

"నేనా? అన్నీ ఒకే సైజువి ఇచ్చాను. కావాలంటే కింద స్టెప్నీ చూసుకో."

"స్టెప్నీ వదిలేసి వెనకవి మార్చి ఉండొచ్చుగా."

అతను బ్రష్షు డబ్బా మీద అడ్డంగా పెట్టాడు. "అంటే నన్ను నమ్మవన్నమాట."

అన్నయ్య మొహం చిన్నబోయింది. గోడవైపు తిరిగి మళ్లీ రంగు అందుకున్నాడు.

కిందికొచ్చి, బండి పక్కన వంగి, కొంగుతో వెనక టైరు మీది బురద తుడిచింది. నాలుగంకెలు బయటపడ్డాయి. అన్నయ్య బండి అమ్మిన మరుసటి ఏడాది అది. అతని చేతిలో బండి ఉన్నప్పుడు ఈ టైరు పుట్టనేలేదు! ప్రాణం లేచివచ్చింది. ఆ వెంటనే గుండెలో రాయి పడింది. ఆ తర్వాత బండి నడిపింది భర్త కాక ఇంకెవరు?

మళ్లీ కొట్టుకు వెళ్లి, అద్దాలు పగులుతున్న సంగతి చెప్పి, బండి కింద చూడమంది. కొట్టాయన లైటు పట్టుకుని దూరి, గట్టిగా నిట్టూర్చి బయటికొచ్చాడు.

"కుదుపు తగలకుండా ఆపే వెనక కమాన్ కట్టల్లో రెండు పక్కలా ఒక్కో ఇనప పట్టీ లేదమ్మా. ఒకటి విరిగితే, సమానంగా ఉండాలని రెండోది కూడా తీసేసినట్టున్నారు. బండి వెనక కూలబడిన సంగతి కనబడకుండా ఎత్తు టైర్లు తొడిగారు. అద్దాలు పగలక ఏమవుతాయి?"

ఇంటికొచ్చి భర్త ఎదుట నిలబడింది. "ఎక్కడ విరిగింది కమాన్ కట్ట?"

అతను చాలాసేపు బల్లనే తుడిచాడు. "చెయ్యి విరగడానికి కాస్త ముందే లోడుతో గోతిలో పడ్డాను. నువ్వు నడుపుతానన్నప్పుడల్లా బండి పాడుచేస్తావని ఆపింది నేనే కదా. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"అందుకని పగిలిన అద్దాలన్నీ నా నెత్తిన రుద్దారా? అదీ చాల్లేదని మా అన్నయ్యని దొంగని చేశారా?"

"ఆయనకి నేనే ఫోన్ చేసి చెప్తాలే."

ఆమె కమాన్ పట్టీలు వేయించి, వెనకా డెబ్బయ్యే తొడిగించింది. సాయంత్రం ఇల్లు చేరగానే భర్త, "ఫోన్ చేశాను" అన్నాడు. ఆమె అక్కడే నిలబడి అన్నయ్యకు ఫోన్ కలిపింది.

"బావ చేశాడు. అక్కడ వాన పడుతోందా అని అడిగాడు. ఏంటి సంగతి?"

భర్త వింటుండగానే జరిగిందంతా చెప్పింది. "నిన్ను అనుమానించాను, తప్పే" అంది. "సర్లే. బండి జాగ్రత్తగా నడుపు" అని పెట్టేశాడు అన్నయ్య.

మర్నాడు అద్దాలెక్కించాక భర్త బాగున్న చేత్తోనే తాళ్లు బిగించాడు. ఆమె ఒక్కో ముడినీ అతని ఎదుటే లాగి చూసింది. రెండు ముళ్లు విప్పి మళ్లీ కట్టింది. అతను తాడు కొసలు అందించాడు. ఆ రోజు ఒక్క అద్దమూ పగల్లేదు.