తలుపులోని అయిదు కిలోలు

ఆఫీసులో అందరూ ఆమెను గ్రాములమ్మ అనేవారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది? ఆ కార్ల కంపెనీలో ఆమె పని బరువుకు కాపలా కాయడం. తయారవుతున్న బండిలోకి ఒక్క మేకు అదనంగా రావాలన్నా ముందు ఆమె బల్ల మీదికి చీటీ రావాలి. వస్తువు, బరువు, కారణం, అడిగినవారి సంతకం. కారణం నచ్చకపోతే ఆ మేకు వచ్చిన దారినే పోవాల్సిందే. ఇరవై ఆరేళ్లుగా ఇదే తంతు.

ఇప్పుడు వ్యవహారం పీకల మీదికి వచ్చింది. కంపెనీలో మిగిలింది ఒకే ఒక్క చిన్న బండి. రెండు తలుపులది, నడపడమంటే మోజున్న మామూలు జీతగాళ్లు కొనుక్కునేది. దాని కొత్త నమూనా తొమ్మిది వందల యాభై నాలుగు కిలోలు తూగింది. తొమ్మిది వందల యాభై దాటితే పెద్ద ఇంజను పెట్టాలి, అది పెడితే ధర ఆ జీతగాళ్లకు అందదు. శుక్రవారంలోగా నాలుగు కిలోలు తగ్గించకపోతే ఈ బండికి మంగళం పాడేస్తామని డైరెక్టరు తెగేసి చెప్పాడు.

ఆ నమూనాను నడిపి చూసేది ఆమె తమ్ముడే. కుడికాలు కాస్త ఈడుస్తాడు గానీ స్టీరింగ్ పట్టుకుంటే లోకం తెలీదు. "మొదటి బండి ఏడొందల నలభయ్యే కదక్కా! ఇలా అంటే అలా తిరిగేది. దీన్ని తిప్పాలంటే అర్జీ పెట్టుకోవాలి. ఆ రెండొందల కిలోలూ ఎవరు మేపారు దీనికి?" అన్నాడు.

ఆ మాట ఆమె బుర్ర తొలిచేసింది. నిజమే, తను కళ్లలో వత్తులు వేసుకుని కూర్చుంటే ఇంత బరువు ఎలా దూరింది? షెడ్డు మేస్త్రీని పిలిచి, మూలన దుమ్ము కొట్టుకుపోతున్న మొట్టమొదటి బండిని విప్పించింది. పాత భాగం పక్కన కొత్త భాగం పెట్టి, రెండూ తూచి, తేడా రాసుకుని, దాని చీటీ వెతుకుతూ రెండు రోజులు అక్కడే ఉండిపోయింది. అన్నం తినడం కూడా మరిచిపోయింది.

బండి అడుగున పరిచిన మెత్త పంతొమ్మిది కిలోలు. కారణం: లోపల మాటలు వినపడటం లేదని కొన్నవాళ్ల గోల. వైర్లు పదకొండు కిలోలు. అద్దాలు వాటంతటవే లేవాలి కదా! గ్లాసు పెట్టుకునే గూడు మూడు వందల నలభై గ్రాములు. ఆ చీటీ అంచున తన చేతిరాతే ఉంది: 'అమ్మకాల వాళ్ల పోరు పడలేక'. దొంగను పట్టుకుందామని బయల్దేరితే అందరూ పెద్దమనుషులే తేలారు. ఎవరూ అన్యాయంగా అడగలేదు, అదే విచిత్రం.

చివరికి మేస్త్రీ పాత తలుపు అట్ట ఊడదీశాడు. "లోపలంతా ఖాళీయేనమ్మా, చెయ్యి పెట్టి చూడండి." కొత్త తలుపులో అడ్డంగా ఉక్కు కడ్డీ ఉంది, రెండున్నర కిలోలు.

తమ్ముడి మొహం వెలిగిపోయింది. "రెండు తలుపులకి అయిదు! ఇవి లేకపోయినా చట్టం ప్రకారం పాసవుతుందక్కా. పీకేస్తే తొమ్మిదొందల నలభై తొమ్మిది! అసలు వీటికి చీటీ రాసిన మహానుభావుడెవరు?"

"చూస్తాలే," అంది ఆమె. చూడక్కర్లేదు, ఆమెకు తెలుసు.

శుక్రవారం డైరెక్టరు కూడా అదే అన్నాడు. "ఆ కడ్డీలు తీసెయ్యండి మేడమ్, గొడవ వదిలిపోతుంది."

"తియ్యనండి."

"బండే ఆగిపోతుంది మరి."

"తెలుసండి," అంది. తన సగం జీవితం ఆ బండిలోనే ఉంది. బండి ఆగిపోయింది.

తమ్ముడు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "చేజేతులా చంపేశావు కదే!" అని అరిచి, ఆమె బీరువా తెరిచి, తలుపుల చీటీల కట్ట లాగి ఒక్కో చీటీ తిప్పాడు. ఒకచోట ఆగాడు. తేదీ పద్నాలుగేళ్ల కిందటిది. కూడలిలో పక్కనుంచి వచ్చిన వ్యాను, అతను నడుపుతున్న ఇలాంటి బండి తలుపును లోపలికి తోసేసి తుంటి విరగ్గొట్టిన మర్నాటిది. అడిగినవారి దగ్గర అక్క సంతకం. కారణం దగ్గర రెండే మాటలు: మా తమ్ముడు.

అతను ఆ చీటీని జాగ్రత్తగా కట్టలో పెట్టేశాడు. తర్వాత బల్ల మీదినుంచి ఖాళీ చీటీ ఒకటి తీసుకుని ఏదో రాశాడు.

"రా అక్కా. ఆ నమూనాని రేపు విప్పేస్తారట. ఒక్క చుట్టు తిప్పి తీసుకొస్తా."

"నేనా? తూకం పాడవుతుందని ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎక్కలేదురా."

"చీటీ రాశాగా," అని అందించాడు.

వస్తువు: ఒక మనిషి. బరువు: అరవై ఎనిమిది కిలోలు. కారణం: మా అక్క.

ఆమె కళ్లు తుడుచుకుంది. చీటీని మళ్లీ మొదటినుంచి చదివింది. కలం తీసి, అరవై ఎనిమిది కొట్టేసి, డెబ్బై ఒకటి అని రాసి, సంతకం పెట్టింది.